కల్లం మూల

సాబిరాకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. ఇలియాస్ కోసం వెతకడం ఆపేస్తారని.

చచ్చిపోయాడని తేలితే ఏడవొచ్చు. ఇంకెవతెతోనో వెళ్ళిపోయాడని తేలితే తిట్టిపోయొచ్చు. ఏదీ తేలకుండా ఫైలుకు దారం చుట్టి బీరువాలో పడేస్తే, రేపటినుంచి ఏమనుకుంటూ పొయ్యి వెలిగించాలో ఆమెకు అర్థం కావడం లేదు. కారంపూడి నుంచి మొదటి బస్సుకు వచ్చి, చంకలో బిడ్డతో గౌసియా ఆఫీసు మెట్లెక్కుతూనే ఆ మాట చెప్పింది.

"సాయంత్రం కేసు మూసేస్తారంట ఆపా. సంతకానికి స్టేషన్‌కి రమ్మన్నారు."

గౌసియా నరసరావుపేటలో డిటెక్టివ్. ఆమె దగ్గరికి వచ్చేవి ఎక్కువగా పెళ్ళి సంబంధాల ఆరాలు, ఇన్సూరెన్సు కంపెనీల అనుమానాలు. ఇలియాస్ కేసు అలాంటిది కాదు. మూడు వారాలుగా నిద్రలో కూడా అదే తిరుగుతోంది.

ఇలియాస్ బోరు మోటార్ల మెకానిక్. ఆ సోమవారం పొద్దున ఎవరిదో బావిలో మోటారు పైకి తీయాలని ట్రాలీ ఆటో వేసుకుని వెళ్ళాడు. ఆటో మీద మోటార్లు లాగే ఇనప మూడుకాళ్ళ స్టాండు, నారింజరంగు పూసింది, ఎప్పుడూ కట్టే ఉంటుంది. పది గంటలప్పుడు సాబిరాకు ఫోన్ చేశాడు. అదే ఆఖరు. బుధవారం పొద్దున ఆటో మాచర్ల బస్టాండు పక్కన దొరికింది. మనిషి దొరకలేదు. ఆ రోజే సాబిరా కంప్లయింటు ఇచ్చింది. ఇలియాస్‌ను ఆఖరున పిలిచింది కారంపూడి అవతల పొలాలున్న లక్ష్మీనారాయణ. ఆయనేమో, "పిలిచిన మాట నిజమే, రాలేదు. నా బావి ఎప్పుడో పూడ్చేశాం, మోటారు పని గొట్టపు బోరు దగ్గర," అన్నాడు.

ఆ తర్వాత ఆకాశం నుంచి ఒక సాక్ష్యం దొరికింది. దాన్ని తెచ్చింది గౌసియానే. అక్కడ రాతి క్వారీలు కొలవడానికి ఒక సున్నపు కంపెనీ సరిగ్గా ఆ సోమవారం తీసిన శాటిలైట్ ఫొటో కొనుక్కుంది. అందులో నారింజరంగు స్టాండుతో ఆటో స్పష్టంగా ఉంది, పక్కనే నల్లటి గుండ్రటి నీడ. మ్యాపులో ఆ చోటు వదిలేసిన క్వారీ గుంట గట్టు మీద పడింది. గుంటలో నీళ్ళు తోడించారు. ఒక టైరు, రెండు బిందెలు, కప్పలు. అంతే. గౌసియాను చూసి నవ్వే అవకాశం ఊరంతటికీ దొరికింది.

"ఏడవబాక," అంది గౌసియా సాబిరాతో. "ఫొటో తయారుచేసిన చోటికి పోదాం. నేను వాళ్ళని అడగాల్సిన మాట ఒకటి అడగలేదు."

పాప షబ్నంకు ఎనిమిది నెలలు. ఒళ్ళు కొద్దిగా వేడిగా ఉంది. దారిపొడుగునా నస పెడుతూనే ఉంది. సాబిరా తన చిన్న కీప్యాడ్ ఫోన్ తీసి, పాప చెవి దగ్గర పెట్టి నొక్కింది. ఇలియాస్ ఆఖరి కాల్. ఫోన్ దానంతటదే రికార్డు చేసుకుంది.

"మధ్యాహ్నానికి వస్తా. పాపకి గ్రైప్ వాటర్ తెస్తాలే. అన్నం తిను నువ్వు, నాకోసం కూర్చోబాక." గొలుసు గలగలమన్న చప్పుడు. దూరంగా ఎవరిదో గొంతు, "కానీ, కానీ. ఎండెక్కుతోంది." తర్వాత ఏమీ లేదు.

పాప ఏడుపు ఆపేసింది. రోజుకు రెండుసార్లు, నిద్రపుచ్చేటప్పుడల్లా సాబిరా ఇదే వినిపిస్తుంది. ఆ రికార్డింగు ఉన్న మెమరీ కార్డు ఇవ్వమని గౌసియా రెండుసార్లు అడిగింది. "తీస్తే పోద్దేమో ఆపా," అని సాబిరా గుండెకు అదుముకుంది. మూడోసారి అడగడానికి గౌసియాకు నోరు రాలేదు.

*

నరసరావుపేటలోనే ఉన్న మ్యాపుల కంపెనీలో ఆ ఫొటోను సరిచేసింది చైతన్య. పాతికేళ్ళు. ఈవూరి వాడే, ఇంజనీరింగ్ చదివాడు. గౌసియాను చూడగానే కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"మేడం, ఫొటో అబద్ధం చెప్పదు. గుంటలో మనిషి లేకపోతే నేనేం చేసేది?"

"ఫొటో అబద్ధం చెప్పిందని నేనన్లేదు. అది ఏడ నిలబడి చెప్పిందో చెప్పు. ఫలానా ఆటో ఫలానా గట్టు మీద ఉందని శాటిలైట్‌కి ఎట్టా తెలుసు?"

చైతన్య ఊపిరి వదిలాడు. ఈ ప్రశ్న అతనికి ఇష్టమైందే.

"దానికి తెలవదు మేడం. అది నిట్టనిలువుగా చూడదు, పక్కనుంచి వాలి చూస్తది. గుట్ట ఉందనుకోండి, ఫొటోలో దాని తల ఒక పక్కకి ఒరిగిపోద్ది. నేల ఎత్తుపల్లాలు లెక్కగట్టి దాన్ని నిటారు చేస్తాం. ఆర్థోరెక్టిఫికేషన్ అంటారు. అది చేశాక కూడా ఫొటో మొత్తం ఒక పక్కకి జరిగి ఉండొచ్చు. అందుకని నేల మీద ఒక గుర్తు పట్టుకుంటాం. ఫొటోలో కనపడాల, మనం పోయి దాని మీద నిలబడగలగాల. అక్కడ జీపీఎస్ పెట్టి కొలిచి, ఫొటోలో ఆ గుర్తుని ఆ కొలతకి బిగిస్తాం. మేకు కొట్టినట్టు. దాన్నే గ్రౌండ్ కంట్రోల్ పాయింట్ అంటారు."

"ఈ ఫొటోకి ఎన్ని మేకులు కొట్టావు?"

చైతన్య కీబోర్డు వైపు చూశాడు. "ఒకటి."

"ఒకటే?"

"అయిదారు తీసుకోవాల్సింది మేడం. అది నల్లరేగడి. ఫొటోలో చేనుకీ చేనుకీ మధ్య గట్టు కూడా సరిగా తేలలేదు. చెట్టు పట్టుకుందామంటే నీడ కలిసిపోద్ది. కంపెనీ కూడా ఒకటి చాల్లే అంది. ఫొటో పక్కకి జరిగింది ఒక్కటే సరిచెయ్యాలంటే ఒకటి చాలు కూడా. తప్పేం కాదు."

"ఆ ఒకటీ తప్పయితే?"

"తప్పు కాదు."

"నేనడిగింది అది కాదబ్బాయ్. అది తప్పని నీకు చెప్పేవాళ్ళు ఎవరు? ఒక్క సాక్షినే పిలిచావు. వాడు చెప్పిందే రాసుకున్నావు. కాదనేవాడు కోర్టులోనే లేడు."

చైతన్య మొహం ఎర్రబడింది. మానిటర్ ఆమె వైపు తిప్పి, ఫొటోను పెద్దది చేశాడు. నల్లటి చేల మధ్య చీర ఆరేసినట్టు ఒక ఎర్రటి దీర్ఘచతురస్రం. దాని ఒక మూలన పచ్చటి చుక్క పెట్టి ఉంది.

"చూడండి. కత్తితో కోసినట్టుంది మూల. ఇంతకంటే మంచి గుర్తు ఏ దేశంలో దొరుకుద్ది?"

సాబిరా పాపను ఊపుతూనే తొంగిచూసింది. "మిరపకాయల కల్లం కదా," అంది.

"లక్ష్మీనారాయణగారి నేలలో అంజమ్మ అనే ఆవిడ కౌలు చేను. నేనే పోయి మూల మీద నిలబడి కొలిచా."

"ఎప్పుడు?" అంది గౌసియా.

"ఫొటో తీసిన ఎనిమిదో రోజు."

"ఎనిమిది రోజుల్లో కల్లం జరిగుంటే?"

"మేడం, మాదీ మిరప చేలే," అన్నాడు చైతన్య, ఈసారి నిజంగా నొచ్చుకుని. "హైదరాబాద్ వాడైతే మీలాగే అనుమానపడి దీన్ని వదిలేసేవాడు. నాకు తెలుసు కాబట్టే పట్టుకున్నా. నేల చదును చేసి, నీళ్ళు చల్లి, రోలర్ తొక్కించి కల్లం చేసుకున్నాక సీజన్ అయ్యేదాకా ఎవడు కదిలిస్తాడు? సాయంత్రం కుప్ప చేస్తారు, పొద్దున మళ్ళీ అదే కొలతకి నెరుపుతారు. మా నాయన అంచుకి తాడు కట్టి మరీ నెరిపేవాడు."

అది నిజం. గౌసియా వాళ్ళమ్మ ఇరవై ఏళ్ళు కల్లాల్లో కాయ ఏరింది. చేసిన కల్లాన్ని మధ్యలో వదిలేసి ఇంకోచోట చేసిన రైతును ఆమె చూడలేదు, వినలేదు. గౌసియా ఆ నిజాన్నే అటూ ఇటూ తిప్పి చూసింది. ఎవరూ కదిలించని దాన్ని ఎవరైనా కదిలిస్తే, ఊరికే కదిలించరు.

"ఏందమ్మా, ఇప్పుడు కల్లాల మీద పడ్డావు?"

గుమ్మంలో ఆనంద్ బాబు నిలబడి ఉన్నాడు. రిటైరైన సీఐ. గుంటూరులో పెద్ద ఏజెన్సీ నడుపుతున్నాడు. ఇలియాస్ కనపడకుండా పోయిన వారానికి లక్ష్మీనారాయణ తన మీద నింద పోగొట్టమని ఇతన్ని పెట్టుకున్నాడు. తెల్ల బూట్లు, కుడిచేతికి గడియారం. నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. ఇప్పుడు ఆ లవంగం నమలడం ఆగింది.

"నువ్విక్కడికి ఎట్టా వచ్చావు సార్?" అంది గౌసియా.

"సాబిరమ్మ కోసం. కారంపూడి పోతే నరసరావుపేట పోయిందన్నారు. నువ్వు ఈవిడ్ని ఎక్కడెక్కడ తిప్పుతావో నాకు తెలవదా." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "గుంట నీదే, ఫొటో నీదే. రెండు మోటార్లు పెట్టి రెండు రోజులు తోడించావు. ఎస్సైగారు ఇంకా నవ్వుతున్నాడు. ఇంటర్ తప్పినోళ్ళు కూడా డిటెక్టివ్ బోర్డులు పెడితే ఇట్టానే ఉంటది."

"తప్పలేదు సార్. చదవలేదు. పెళ్ళి చేశారు."

"ఏదైతేనేం." జేబులోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. మీద అతని రంగుల ఫొటో, నవ్వుతూ. "మా ఆఫీసులో రిసెప్షన్ ఖాళీగా ఉంది. ఎప్పుడైనా రా. ఏసీ."

గౌసియా కార్డు తీసి పర్సులో పెట్టుకుంది. "ఇలియాస్ ఏమయ్యాడంటావు సార్?"

"ఆటో గుంట దగ్గర ఆపి ఆలోచించుకున్నాడు. మాచర్ల పోయాడు. కృష్ణ దాటాడు. అవతల ఇంకో కొంప పెట్టాడు. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఇట్టాంటి మొగుళ్ళని వందమందిని చూశా."

సాబిరా అనాల్సింది పాప అంది. గుక్కపట్టి ఏడ్చింది. ఒళ్ళు ఇంకా వేడెక్కింది. సాబిరా భుజం మార్చి జోకొట్టింది, లేచి నడిచింది. ఫలితం లేదు. గదిలో ఎవరి మాట ఎవరికీ వినపడలేదు.

ఆనంద్ బాబు లేచి చేతులు దులుపుకున్నాడు. "నాలుగింటికి సంతకం. స్టేషన్ మీ వూళ్ళోనే కదమ్మా, నా కారు అటే పోతంది, ఇంటికాడ దించుతా. బిడ్డకి కాస్త మందన్నా వెయ్యొచ్చు. కానీ, కానీ. ఎండెక్కుతోంది."

పాప టక్కున ఏడుపు ఆపింది. తల్లి భుజం మీదనుంచి తల తిప్పి, తడికళ్ళతో ఆనంద్ బాబు మొహంలోకి చూస్తూ ఉండిపోయింది.

"చూశావా," అన్నాడు ఆనంద్ బాబు గౌసియాతో. "మంచోళ్ళెవరో బిడ్డలకి తెలుస్తది."

సాబిరా గౌసియా వైపు చూసింది. పోనా వద్దా అన్న చూపు. బస్సులో రెండు గంటలు, జ్వరం బిడ్డ, బయట నిప్పులు చెరిగే ఎండ. గౌసియాకు ఇంట్లో తన కూతురు గుర్తొచ్చింది. బిడ్డను చంకనేసుకుని ఎర్రటి ఎండలో బస్సు కోసం నిలబడటమంటే ఏందో ఆమెకు తెలుసు.

"పో సాబిరా," అంది. "కారులో చల్లగా పో. పాపకి మందెయ్. నేనొచ్చేదాకా మాత్రం దేనిమీదా సంతకం పెట్టబాక."

తనే అంది. ఎవరూ బలవంతపెట్టలేదు.

కారు వెళ్ళిపోయాక చైతన్యకేసి తిరిగింది. "నీ జీపీఎస్ రాడ్డు తీసుకో. ఇంకో సాక్షిని వెతుకుదాం. కదలని సాక్షిని."

*

లక్ష్మీనారాయణ చేలకు పోయే డొంక మొదట్లో వాగు మీద సిమెంటు కల్వర్టు ఉంది. పిట్టగోడకు తెల్ల సున్నం. ఫొటోలో కూడా, తెలిసి చూస్తే, తెల్లటి చిన్న గీతలా కనపడుతుంది. ఫొటో తీసినప్పుడూ అది అక్కడే ఉంది, ఇప్పుడూ అక్కడే ఉంది.

చైతన్య కంపెనీ జీపు ఆపి, పిట్టగోడ చివర రాడ్డు నిలబెట్టాడు. కొలత నిలకడకు వచ్చేదాకా దాన్ని కదలకుండా పట్టుకున్నాడు. ల్యాప్‌టాప్ బానెట్ మీద పెట్టి అంకెలు కొట్టాడు. ఫొటోలో కల్వర్టు ఒకచోట, నేలమీద కల్వర్టు ఇంకోచోట. మధ్య అరవై మీటర్ల పైనే.

"ఏదో పొరపాటు," అని మళ్ళీ కొలిచాడు. అంతే వచ్చింది. నూరు గజాల అవతల ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె దగ్గరికి రాడ్డు మోసుకుని పరుగెత్తినట్టే వెళ్ళాడు. అక్కడా అంతే. అదే దూరం, అదే దిక్కు. ఫొటో మొత్తం తూర్పుకు జరిగి ఉంది.

"ఇద్దరు సాక్షులూ ఒకటే మాట చెప్తన్నారు," అంది గౌసియా.

చైతన్య తిరిగొచ్చి రాడ్డు జీపుకు ఆనించాడు. "అయితే కల్లం... కల్లం జరిగింది మేడం. ఫొటోలో ఉన్నది పాత కల్లం. నేను కొలిచింది కొత్త కల్లం మూల. పాతదాన్ని తెచ్చి కొత్తదాని మీద బిగించా. దాంతోపాటు ఫొటో అంతా వచ్చేసింది."

"పోలీసులు వచ్చి చూసినప్పుడు మరి తేడా తెలవలా?"

"ఎట్టా తెలుస్తది? మ్యాపులో కల్లం ఉంది, నేలమీద అక్కడే కల్లం ఉంది. రెండూ సరిపోయినయ్యి. ఎవరైనా కల్లాన్నే చూస్తారు కదా, ఎర్రగా అదొక్కటే కనపడేది." ల్యాప్‌టాప్ ముందుకు లాక్కుని, "నేను కూడా," అన్నాడు.

"ఏడ్చే పని తర్వాత చేద్దువుగాని. ఫొటోని వెనక్కి లాగు. ఇప్పుడు ఆటో ఏడ పడుద్దో చూడు."

చైతన్య అంకెలు మార్చాడు. ఫొటో పడమరకు జరిగింది. కల్వర్టు కల్వర్టు మీదకు, దిమ్మె దిమ్మె మీదకు వచ్చి కూర్చున్నాయి. ఆటో క్వారీ గుంట గట్టు వదిలి వెనక్కి, వెనక్కి వచ్చింది. అతను ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు తన ఫోన్‌లోకి ఎక్కించి నడిచాడు. గౌసియా వెనకే నడిచింది.

ముందు ఒక ఖాళీ నేల తగిలింది. రోలర్ తొక్కిన నున్నటి నేల. తొడిమలు, నాలుగు గింజలు, ఎండకు తెల్లబడిన తాలుకాయ. పాత కల్లం. మంచి కల్లం. దాన్ని దాటి అరవై మీటర్లు నడిచారు. ఇంకో అరవై మీటర్లు పోతే క్వారీ గుంట. మధ్యలో చైతన్య ఆగిపోయాడు. కాళ్ళ ముందు ఎర్రగా మిరపకాయలు.

"ఇక్కడ," అన్నాడు.

కొత్త కల్లం.

*

అంజమ్మ తలకు తువ్వాలు చుట్టుకుని, కాలితో కాయ తిరగేస్తోంది. అరవై ఏళ్ళు ఉంటాయి. ఘాటుకు అలవాటుపడ్డ కళ్ళు, కొత్తవాళ్ళను చూసి చిట్లించింది.

"కొనేవాళ్ళా, చూసేవాళ్ళా?"

"చూసేవాళ్ళమే పెద్దమ్మా," అంది గౌసియా. "అంత మంచి కల్లం అక్కడ పెట్టుకుని ఇక్కడికి ఎందుకు మార్చావు?"

"నాకేం పట్టిందమ్మాయ్ మార్చడానికి? మార్చమన్నారు, మార్చా. సగం ఎండిన కాయ ఎత్తి మళ్ళీ పోస్తే రంగు ఉంటదా? మా కూలోళ్ళు నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. కౌలుదాన్ని. నేల వాళ్ళది. నోరు నాదయితే మాత్రం తెరిచేదెట్టా?"

"ఇక్కడ ఏముండేది అంతకుముందు?"

"పాత బావి." అంజమ్మ మామూలుగా అంది. "జేసీబీ పెట్టి క్వారీ చెత్త పోసి పూడ్చేశారు. పైన మట్టి చదును చేసి రోలర్ కూడా వాళ్ళే తొక్కించారు. నాకు పైసా ఖర్చు లేదన్నారు. ఏం లాభం, ఇటు రా, చూడు."

కల్లం పడమటి మూలకు తీసుకుపోయింది. అక్కడ కాయ మిగతాదానిలా కరకరలాడటం లేదు. మెత్తగా, నల్లగా, బూజు పట్టి ఉంది. అంజమ్మ కాలితో పక్కకు నెట్టింది. కింద నేల పళ్ళెంలా గుండ్రంగా కుంగి ఉంది.

"ఎన్నిసార్లు తిరగేసినా ఈ గుండ్రంలో కాయ ఆరదు. రోజూ కాస్త దిగుద్ది. రెండుసార్లు మట్టి పోయించా. మళ్ళీ దిగింది."

గౌసియా మోకాళ్ళ మీద కూర్చుంది. పిడికెడు మట్టి తీసింది. పైన నల్లమట్టి, కింద తెల్లటి రాతిపలకల ముక్కలు. బావి ఎప్పుడో పూడ్చేశామని లక్ష్మీనారాయణ చెప్పాడు. ఎప్పుడో పూడ్చిన బావి మూడు వారాలుగా రోజూ కుంగదు. ఎప్పుడో పూడ్చిన బావి పక్కన ఆ సోమవారం ఇలియాస్ ఆటో నల్లటి నీడతో ఫొటో దిగదు. ఆ నీడ గుంట నీళ్ళది కాదు. నోరు తెరిచి ఉన్న బావిది.

చైతన్య కొంచెం దూరం పోయి, వీపు తిప్పి నిలబడ్డాడు.

"పెద్దమ్మా, ఎప్పుడు మార్చావో బాగా గుర్తు తెచ్చుకుని చెప్పు."

"గుర్తు తెచ్చుకునేదేముంది, మంగళవారం. ఇల్లు కదిలినా మంగళవారం కల్లం కదపకూడదమ్మా, లక్ష్మి వెళ్ళిపోద్ది, బుధవారం మారుస్తా అని కాళ్ళావేళ్ళా పడ్డా. కుదరదు, ఈరోజే అన్నాడు. మరుసటి రోజు ఊళ్ళో గోల, సాయిబుల పిల్లోడు కనపట్లేదని పోలీసు రిపోర్టు ఇచ్చారని."

సోమవారం మనిషి పోయాడు. బుధవారం కంప్లయింటు. మధ్యలో మంగళవారం, ఇంకా ఎవరికీ ఏమీ తెలియని రోజు, ఒకరికి తెలుసు.

"ఎవరు అన్నాడు, ఈరోజే అని? లక్ష్మీనారాయణగారేనా?"

"ఆయన గడప దిగలేదు రెండు రోజులు. ఇంకొకాయన. కూలోళ్ళ పక్కనే నిలబడి ఆఖరి కాయ ఎత్తిందాకా పోలేదు. నీళ్ళు తాగనియ్యలా మమ్మల్ని. మొన్న పోలీసులతో కూడా వచ్చాడు, నన్ను చూసి చూడనట్టు పోయాడు."

గౌసియా పర్సు తెరిచింది. వేళ్ళకు అంటిన మట్టి కార్డు అంచుకు అంటుకుంది. అంజమ్మ దాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసింది.

"ఈయనే. తెల్ల బూట్లాయన. లవంగాలు నమిలి ఇక్కడే ఊసేవాడు." కార్డు వెనక్కి ఇచ్చింది. "ఒకటే మాట, పొద్దుటినుంచీ. కానీ కానీ, ఎండెక్కుతోంది. ఎండెక్కుతోంది. ఎండలో మాడేది మేమైతే, ఆయనకేం ఎక్కిందో."

గౌసియా కదల్లేదు.

గొలుసు గలగలమన్న చప్పుడు. దూరంగా ఎవరిదో గొంతు. మూడు వారాల్లో ఆ రికార్డింగు ఎన్నిసార్లు విందో లెక్కలేదు. పొద్దున అదే మాట, అదే సాగదీత, రెండు గజాల దూరంలో నిలబడి అతను అన్నాడు. తనకు తెలియలేదు. సాబిరాకు తెలియలేదు. పాపకు తెలిసింది. రోజుకు రెండుసార్లు నాన్న మాట వెనకే వచ్చే గొంతు అది. ఆ గొంతు వస్తే నాన్న మాట అయిపోయినట్టు, ఇక నిద్రపోవాలన్నట్టు. అందుకే ఏడుపు ఆపి చూసింది. ఆ చూపుకు అతను మంచివాడినని చెప్పుకుని నవ్వాడు.

వారం తర్వాత కేసులోకి వచ్చానన్న మనిషి సోమవారమే బావి గట్టు మీద ఉన్నాడు. ఇలియాస్ జారిపడ్డాడో, తోశారో బావి తవ్వితేగానీ తేలదు. ఆ గొంతుకు సాక్ష్యం ఒక్కటే. ఒక కీప్యాడ్ ఫోన్‌లో, గోరంత మెమరీ కార్డులో. అది సాబిరా రవికెలో ఉంది. సాబిరా అతని కారులో ఉంది. ఆ కారు ఎక్కించింది తను. ఇంకో సంగతి కూడా ఉంది. కల్లం అన్నమాట వినగానే అతని నోట్లో లవంగం ఆగింది. తను ఇక్కడికే వస్తుందని అతనికి పొద్దుననే తెలుసు.

సాబిరాకు ఫోన్ చేసింది. స్విచాఫ్. పాపను నిద్రపుచ్చే ఆ ఫోన్‌ను సాబిరా మూడు వారాల్లో ఒక్కసారి కూడా ఆఫ్ చేయలేదు. ఇలియాస్ చేస్తాడేమోనని.

ఎస్సైకి చేసింది. రెండోసారికి ఎత్తాడు.

"ఇంకా రాలేదమ్మా ఆవిడ. ఆనంద్ బాబుగారు ఫోన్ చేశారు, బిడ్డకి బాగాలేదంట, సంతకం ఇంటికాడే పెట్టించి కాగితం తెస్తానన్నారు."

"సార్, బావి దొరికింది. అంజమ్మ కల్లం కింద. మనుషుల్ని పంపండి. ముందు సాబిరా ఇంటికి పంపండి."

"మళ్ళీ ఇంకో గుంటా?" అన్నాడు ఎస్సై. వెనక ఎవరో నవ్వారు. "సీఐగా చేసిన మనిషమ్మా ఆయన. నేను ఆయన కింద పనిచేశా. పెట్టెయ్."

గౌసియా లేచి చేతులు దులుపుకుంది. మట్టి రాలింది, మిరప ఘాటు రాల్లేదు. కళ్ళు తుడుచుకోబోయి ఆ చేతిని దూరంగా పట్టుకుంది.

"పెద్దమ్మా, ఈ మూల మీద ఇక ఎవరినీ కాలు పెట్టనియ్యబాక. మట్టి పొయ్యనియ్యబాక. ఎవరొచ్చినా, మీ దొర వచ్చినా."

అంజమ్మ కుంగిన గుండ్రం వైపు చూసింది. ఆమెకు అప్పుడు అర్థమైంది. రోజూ తను తొక్కుతున్నదేంటో. కాళ్ళు రెండూ ఒకదాని తర్వాత ఒకటి వెనక్కి తీసుకుని, తలకు చుట్టిన తువ్వాలు విప్పి నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత కూలీలను పిలిచి, ఆ మూల చుట్టూ కూర్చోబెట్టింది.

చైతన్య అప్పటికే జీపు తిప్పాడు. డొంక అంతా రాళ్ళు. కారంపూడి చేరడానికి ఎంత తొక్కినా అరగంట.

ఆ అరగంటే లేదు. అందుకే ఈ మాట చదివేవాళ్ళకు చెప్పాల్సి వస్తోంది. మీలో ఎవరైనా ఆ దగ్గర్లో ఉంటే, కారంపూడి బస్టాండు పక్క సందులోకి పోండి. వెల్డింగ్ షాపు పైన ఒకే గది, పచ్చరంగు రేకు తలుపు, బయట తీగ మీద పాప గుడ్డలు. సందు మొదట్లో ఆనంద్ బాబు తెల్ల కారు ఉన్నా లేకపోయినా మెట్లెక్కి తలుపు తట్టండి. మంచినీళ్ళు కావాలనండి, అడ్రసు అడగండి, ఏదో ఒకటి అనండి. సాబిరా తనే వచ్చి తలుపు తీసిందా చూడండి. లోపల బిడ్డ ఏడుస్తుంటే భయం లేదు. ఏడవకుండా, ఎవరి మాటో వింటున్నట్టు ఊరుకుని ఉంటే మాత్రం అక్కడినుంచి కదలకండి. తలుపు తెరిచేదాకా తడుతూనే ఉండండి. వెతకడం ఆపేస్తారనే కదా, సాబిరా భయమంతా.